మీకు తెలుసా? పరమాణువును తడిమిన సూది

తడిమి చూసే మైక్రోస్కోపు ఒకటుందని తెలుసా? తడమడం అన్నానే గానీ, దాని సూది దేన్నీ తాకదు. లోహం మీదికి ఒక నానోమీటరు లోపు దూరానికి, అంటే మీటరులో వందకోట్లో వంతు కంటే దగ్గరికి వెళ్లి ఆగుతుంది. మధ్యలో ఖాళీ ఉన్నా, ఆ ఖాళీని దాటి కాస్త కరెంటు పారుతుంది. క్వాంటం లోకపు విచిత్రాల్లో ఇదొకటి. సూదిని నానోమీటరులో పదో వంతు వెనక్కి జరిపితే చాలు, కరెంటు దాదాపు పదింట ఒక వంతుకి పడిపోతుంది. అందుకే కరెంటు మారకుండా సూదిని పైకీ కిందికీ ఆడిస్తూ పోతే, పరమాణువుల ఎత్తుపల్లాలు గీతలై కాగితం మీద పడతాయి.

1981లో జ్యూరిక్ పక్కనున్న ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ మైక్రోస్కోపును పని చేయించారు. అంత సన్నటి దూరానికి పెద్ద శత్రువు కుదుపు. రాత్రిపూట, ఊపిరి బిగబట్టి కొలతలు తీసుకున్నారు. మొదటి పరికరాన్ని సీసపు గిన్నె మీద అయస్కాంతాలతో గాల్లో తేలించారు. అందులో సెల్లోటేపు కూడా బాగానే వాడారట! సిలికాన్ ఉపరితలం మీద తీసిన గీతల్ని కత్తెరతో కత్తిరించి, వరసగా నిలబెట్టి బొమ్మ తయారు చేశారు.

1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నిజానికి వచ్చింది సగమే. మిగతా సగం ఎర్న్‌స్ట్ రుస్కాకు వెళ్లింది. ఆయన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మొదలుపెట్టింది 1931లో. వీళ్లకు అయిదేళ్లు పడితే, పాపం ఆయనకు యాభై అయిదేళ్లు పట్టింది!

చాలామంది బిన్నిగ్ కథను ఇక్కడే ఆపేస్తారు. నాకు ఆసక్తి తర్వాతి దాని మీదే. సృజన ఎలా పుడుతుందన్న దాని మీద ఆయన మామూలు పాఠకుల కోసం జర్మన్‌లో ఓ పుస్తకం రాశారు. 1994లో మ్యూనిక్‌లో కంపెనీ పెట్టారు. అదే తర్వాత డెఫినియెన్స్ అయింది. పని ఏమిటంటే, కంప్యూటరుకు చూపు నేర్పడం. బొమ్మను చుక్కలు చుక్కలుగా కాక, ఇది ఇల్లు, ఇది చెట్టు అన్నట్టు వస్తువులుగా, చుట్టుపక్కల వాటితో కలిపి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అది. ఉపగ్రహ చిత్రాలకూ, క్యాన్సర్ కణజాలం స్లైడ్లకూ పనికొచ్చింది. 2014లో మందుల కంపెనీ ఆస్ట్రాజెనెకాకు చెందిన మెడ్‌ఇమ్యూన్ ఆ కంపెనీని కొనేసింది. మొదటి చెల్లింపే 15 కోట్ల డాలర్లు.

ఇక ఆ సూది సంగతి. 2013లో ఐబీఎం వాళ్లు కాలిఫోర్నియాలో అలాంటి సూదితోనే రాగి ఉపరితలం మీద కార్బన్ మోనాక్సైడ్ అణువుల్ని అటూ ఇటూ జరిపి సినిమా తీశారు. (పరమాణువులు కాదు, అణువులే. 'అణుబాంబు' అన్న మాట మనల్ని ఇక్కడే తికమక పెడుతుంది.) మొత్తం ఫ్రేములు 242. ప్రపంచంలో అతి చిన్న స్టాప్-మోషన్ సినిమాగా గిన్నిస్‌కు ఎక్కింది. చుక్కలతో చేసిన ఓ పిల్లాడు అందులో బంతాట ఆడుకుంటాడు. బంతి కూడా ఒక చుక్కే.