మాట్లాడుతుండగానే మెదడును చూసే టోపీ

మాట్లాడే మనిషి రాయిలా కూర్చోడు. తల ఊపుతాడు, చేతులు తిప్పుతాడు, ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మారుస్తాడు. మెదడులో భాష ఎలా పనిచేస్తుందో పరిశోధించేటప్పుడు మాత్రం శాస్త్రవేత్తలు చాలాకాలం పాటు మొదట చెప్పిన మాట ‘కదలొద్దు’. ఎంఆర్ఐ సొరంగంలో వెల్లకిలా పడుకుని, చెవులు హోరెత్తే చప్పుడు మధ్య, తెరమీద వచ్చే పదాలను మనసులోనే చదువుకోవాలి. తల కొద్ది మిల్లీమీటర్లు జరిగినా కొలత చెడుతుంది. పెద్దవాళ్లు ఎలాగో ఓర్చుకుంటారు. మాటలు నేర్చుకునే వయసులో ఉన్న రెండేళ్ల పిల్ల ఓర్చుకోదు.

2018లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఈ పరిస్థితిని మార్చారు. ఎలెనా బోటో, మాథ్యూ బ్రూక్స్, గారెత్ బార్న్స్ తదితరులు ‘నేచర్’ పత్రికలో వెల్లడించిన పరికరం తలకు తొడుక్కునేది. త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసిన ఆ తొడుగులో 13 సెన్సర్లు ఉన్నాయి. పెట్టుకున్న మనిషి తల ఊపినా, టీ తాగినా, బ్యాటుతో బంతి కొట్టినా మెదడు సంకేతాలు నమోదవుతూనే వచ్చాయి.

నాడీకణాల్లో విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్టూ అతి స్వల్పమైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దాన్ని పుర్రె బయటి నుంచి కొలిచే పద్ధతి పేరు మాగ్నెటోఎన్‌సెఫలోగ్రఫీ, పొట్టిగా ఎంఈజీ. అమెరికాలో డేవిడ్ కోహెన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1968లోనే దీన్ని చేసి చూపాడు. భాషా పరిశోధకులకు ఇది ప్రాణంతో సమానం. ఎందుకంటే ఎంఆర్ఐ పసిగట్టేది రక్తప్రవాహంలో వచ్చే మార్పును. ఆ మార్పు బయటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. చెవిన పడ్డ పదం అర్థం కావడానికి సెకను కూడా పట్టదు. ఎంఈజీ ఆ సెకనులో మిల్లీసెకను వారీగా జరిగేదంతా పట్టుకోగలదు.

చిక్కల్లా పరికరంతోనే. మెదడు క్షేత్రం బలం భూమి అయస్కాంత క్షేత్రంలో సుమారు వంద కోట్లో వంతు. దాన్ని గుర్తించే పాత సెన్సర్లు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉండాలి. అందుకే పాత ఎంఈజీ యంత్రం అరటన్ను దాకా తూగుతుంది, బ్యూటీ పార్లర్లో జుట్టు ఆరబెట్టే పెద్ద గుల్లలా నెత్తిమీద స్థిరంగా ఉంటుంది. గుల్ల పెద్దల తలకు తగ్గ ఒకే కొలతలో ఉంటుంది కాబట్టి చిన్న తలల చుట్టూ ఖాళీ మిగిలి సంకేతం మరింత బలహీనపడుతుంది.

కొత్త సెన్సర్‌కు ఆ చలి అక్కర్లేదు. అందులో చిన్న గాజు గదిలో రుబీడియం ఆవిరి ఉంటుంది. తగిన తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్ కాంతి సోకితే పరమాణువులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, ఇక కాంతిని పీల్చుకోవడం మానేస్తాయి. మెదడు నుంచి అయస్కాంత క్షేత్రం వచ్చి తాకితే ఆ వరస చెదిరి, అవతలికి చేరే కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిస్తే క్షేత్రం బలం తెలుస్తుంది. సెన్సర్ చిన్నది కావడంతో నేరుగా తలమీదే అమర్చవచ్చు. మెదడుకు దగ్గరైనకొద్దీ సంకేతం బలంగా అందుతుంది.

అదే 2018లో లండన్ బృందం ఈ పరికరాన్ని భాషపై ప్రయోగించింది. తెరమీద నామవాచకం కనిపిస్తే దానికి తగిన క్రియను మనసులో అనుకోవాలి. ‘బంతి’ అంటే ‘విసరడం’ లాంటివి. అనుకునే వేళ మెదడులో ఏ వైపు పనిచేస్తోందో పరికరం గుర్తించింది.

ఏ వైపు అన్నది ఆపరేషన్ చేసే వైద్యులకు చాలా ముఖ్యం. కుడిచేతి వాటం వాళ్లలో అత్యధికులకు భాష ఎడమ అర్ధగోళంలో ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలో కొందరికి కుడివైపునో రెండువైపులానో ఉంటుంది. మూర్ఛకు మెదడు ఆపరేషన్ చేసేముందు అది తెలియకపోతే రోగి మాట పోయే ప్రమాదం ఉంది. అందుకోసం ‘వాడా’ అనే పరీక్షలో మెడ రక్తనాళం ద్వారా మత్తుమందు పంపి, మెదడు ఒక సగాన్ని కాసేపు నిద్రపుచ్చి, రోగిని మాట్లాడించేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఎంఆర్ఐ ఆ స్థానంలోకి వచ్చింది. కదలకుండా పడుకోలేని పిల్లలకు తొడుక్కునే ఎంఈజీ ఆశ చూపుతోంది. 2019లో నాటింగ్‌హామ్ బృందం సైకిల్ హెల్మెట్‌లో సెన్సర్లు అమర్చి రెండేళ్ల, అయిదేళ్ల పిల్లల మెదడు సంకేతాలు నమోదు చేసింది.

అలాగని ఈ టోపీతో వీధిలో తిరగలేం. బయటి అయస్కాంత క్షేత్రాలను అడ్డుకునే నికెల్–ఇనుము మిశ్రమలోహపు గది ఇంకా కావాలి. గదిలో మిగిలిన కాస్త క్షేత్రాన్ని కూడా ఇరువైపులా ఉన్న తీగచుట్టలతో రద్దుచేయాలి, లేకపోతే తల కదిలిన ప్రతిసారీ సెన్సర్ తప్పు చూపుతుంది. పైకి మాట్లాడేటప్పుడు దవడ కండరాల సంకేతాలు మెదడు సంకేతాలను ముంచేస్తాయి. వాటిని విడదీయడం కష్టమైన పని.

ఇంత శ్రమ దేనికో హైదరాబాద్‌లో జరిగిన ఒక అధ్యయనం చెబుతుంది. వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండో భాష కూడా వచ్చినవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో తేల్చింది. చదువురానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి మళ్లే క్షణంలో మెదడు ఏంచేస్తోందో రోగుల రికార్డులు చెప్పలేవు. ఆ మలుపు ఎదుటి మనిషిని బట్టి జరుగుతుంది కనుక, ఇద్దరు మాట్లాడుకుంటుండగానే కొలవాలి. 2023లో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఇద్దరికి ఒకేసారి సెన్సర్లు తొడిగి, వాళ్లు బంతాట ఆడుతుండగా రెండు మెదళ్లనూ నమోదు చేశారు. అదే పద్ధతిలో రెండు భాషల సంభాషణను పరిశీలించడానికి, రోజూ భాషలు మార్చి మాట్లాడే హైదరాబాద్ వాసుల కంటే తగినవాళ్లు అరుదు.