శస్త్రచికిత్స గాయానికి వెలుగు కాపలా

శస్త్రచికిత్స చక్కగా ముగిసిందని వైద్యులు చెప్పిన తరువాత కూడా ఇంటిల్లిపాదికీ ఒక బెంగ మిగిలే ఉంటుంది: గాయం సవ్యంగా మానుతుందా, చీము పడుతుందా? చీము పట్టించే సూక్ష్మజీవి చాలాసార్లు బయటినుండి రాదు. రోగి ముక్కుపుటాలలోనే కాపురం ఉంటుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే ఈ బాక్టీరియా ఆరోగ్యవంతులలో సైతం ముగ్గురు నలుగురిలో ఒకరి ముక్కులో, ఏ హానీ చేయకుండా ఉంటుంది. అక్కడినుండి చేతుల ద్వారా, చర్మం మీదుగా కోత పెట్టిన చోటికి చేరినప్పుడే ముప్పు.

ఈ శత్రువును శస్త్రచికిత్సకు ముందే వెలుగుతో అణచే పద్ధతిని కెనడాలోని వాంకూవర్ జనరల్ ఆసుపత్రి 2011లో చేపట్టింది. రోగి ముక్కు రంధ్రాలలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు ద్రవాన్ని పూసి, కొన్ని నిమిషాలపాటు ఎర్రని కాంతిని ప్రసరింపజేస్తారు.

మిథిలీన్ బ్లూను 1876లో జర్మనీలో హైన్రిక్ కారో బట్టల అద్దకం కోసం తయారుచేశాడు. దాని అణువుకు ధనావేశం, బాక్టీరియా ఉపరితలానికి ఋణావేశం ఉండడం వలన రంగు బాక్టీరియాను అంటిపెట్టుకుంటుంది. ఎర్రని కాంతిని గ్రహించి ఉత్తేజితమైన రంగు అణువు ఆ శక్తిని చెంతనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా పుట్టిన సింగ్లెట్ ఆక్సిజన్ బాక్టీరియా పొరలను, మాంసకృత్తులను దెబ్బతీస్తుంది. నీటిలో దాని ఆయుర్దాయం సెకనులో పది లక్షల వంతులు మూడు నాలుగే; అందువలన అది పుట్టిన చోటనే పనిచేసి నశిస్తుంది. నూనె, వత్తి, నిప్పు కూడితేనే దీపం వెలిగినట్లు, రంగు, కాంతి, ఆక్సిజన్ మూడూ కూడితేనే ఈ క్రియ జరుగుతుంది. ఒకేసారి పలుచోట్ల దెబ్బ తగలడం వలన, యాంటీబయాటిక్‌లను తట్టుకోవడం నేర్చినంత సులభంగా బాక్టీరియా దీనిని తట్టుకోలేదు.

2014లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఈ చికిత్స పొందిన 3,068 మందిలో గాయానికి ఇన్ఫెక్షన్ సోకినవారు 1.6 శాతం, అంతకుముందు నాలుగేళ్లలో శస్త్రచికిత్స జరిగినవారిలో 2.7 శాతం. అయితే ఈ రోగుల ఒంటిని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారిణితో తుడవడం కూడా జరిగింది. పైగా పోలిక పాత రోగులతోనే. కనుక ఘనతనంతటినీ వెలుగుకే కట్టబెట్టడం న్యాయం కాదు.

ఇక్కడ వెలుగు గాయాన్ని మాన్పదు. మాన్పేది శరీరమే, వెలుగు దాని దారిలోని శత్రువును తొలగిస్తుంది. బజారులో దొరికే ఎర్రదీపాలు ఈ చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. ఇంటిలో పెద్దవారు మోకాలి కీలు మార్పిడికో, గుండె శస్త్రచికిత్సకో సిద్ధమవుతున్నప్పుడు, ముక్కులోని బాక్టీరియా విషయమై ఏ జాగ్రత్త తీసుకుంటారని వైద్యులను ముందుగానే అడగడం మేలు.