పాతకూడని దుంప

పసుపు కొమ్మును మట్టిలో పాతుతారు. అది మొలుస్తుంది. కానీ పాతితే కుళ్ళిపోయే దుంప కూడా ఉంది. అది అనూబియాస్ మొక్కది. చేపల తొట్టిలో పెంచుతారు. దీని పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడ వాగుల్లో రాళ్ళనూ, చెట్ల వేళ్ళనూ పట్టుకుని బతుకుతుంది.

తెలియక దుంపను ఇసుకలో కప్పేస్తే, డబ్బు పోసి కొన్న మొక్క పోయినట్టే. మరేం చెయ్యాలి? దుంపను రాయి మీద పెట్టి నూలుదారంతో వదులుగా కట్టాలి. దారం చివికేలోపు వేళ్ళు రాయిని పట్టుకుంటాయి. వేళ్ళు ఇసుకలోకి దిగినా ఫరవాలేదు. దుంప మాత్రం పైనే ఉండాలి. ఎక్కడైనా మెత్తబడితే ఆ ముక్క కోసెయ్యాలి.

ఒక్కో ఆకు రావటానికి వారాలు పడుతుంది. ఎదగటం లేదని దీపం వెలుగు పెంచితే ఆకులకు పాచి పడుతుంది. దీనికి నీడే ఇష్టం.

దుంప పొడుగయ్యాక 3, 4 ఆకులున్న ముక్క కోసి, ఇంకో రాయికి కట్టండి. ఇంకో మొక్క తయారు!