అంతరిక్ష వర్తకులు



ఊరిబావి ఎండినప్పుడు ఊరివారందఱును దుఃఖింతురు. కాని ఆ యూరిలో నీరమ్మి జీవించువాడొకడున్నచో, వానికి ఆ కఱవు లాభకరమే యగును. బావి మరల నిండవలెనని వాడు మనసార కోరుకొనునా? ఈ చిన్నప్రశ్నను లోకమంతటికి విస్తరింపజేసి, చదువరిని నవ్వించుచునే భయపెట్టు నవల యొకటి ఆంగ్లభాషలో కలదు. దాని పేరు 'ది స్పేస్ మర్చంట్స్', అనగా 'అంతరిక్ష వర్తకులు'. నేడు దానిని గూర్చి తమకు విన్నవించెదను.

దీనిని రచించినవారు అమెరికా దేశీయులగు ఫ్రెడరిక్ పోల్, సి. ఎం. కార్న్‌బ్లూత్ అను ఇరువురు మిత్రులు. ఇది 1952వ సంవత్సరమున 'గెలాక్సీ' అను పత్రికలో 'గ్రేవీ ప్లానెట్' అను పేర భాగములుగా వెలువడి, 1953లో పుస్తకరూపము దాల్చినది. పోల్ కొంతకాలము వ్యాపారప్రకటనలు వ్రాయు వృత్తిలో నుండెను. కావున జనుల మనస్సులలో లేని కోరికను నాటు విద్య ఆయనకు స్వానుభవమువలననే తెలియును.

ఈ కథ జరుగు కాలమునకు భూమి జనులతో క్రిక్కిఱిసియున్నది. నిజమైన కొయ్యసామాను ధనవంతులకు మాత్రమే దక్కు భోగమైనది. మంచినీరు కొళాయినుండి సన్నని ధారగా వచ్చును. ఆ నీటితో ముఖము కడుగుకొనుట కూడ దుబారాయే. వీధిలోనికి పోవువారు మసి లోపలికి పోకుండ ముక్కులలో బిరడాలు పెట్టుకొందురు. రాత్రులందు పేదలు మహాసౌధముల మెట్లను అద్దెకు తీసికొని నిద్రింతురు. చట్టసభలోని సభ్యులు ప్రజలకు గాక వ్యాపారసంస్థలకు ప్రతినిధులైయుందురు. ఇంత దుర్దశ కలిగినను, ఆ లోకమును ఏలు వర్తకులు దీనిని దుర్దశగా నెంచరు. ఒక్కొక్క కొఱత పుట్టినకొలది వారికొక క్రొత్త సరకు దొరకుచున్నది.

వారి యుపాయము లెట్టివో ఒక్క యుదాహరణము చాలును. 'కాఫియెస్ట్' అను పానీయములో వ్యసనము కలిగించు పదార్థమును స్వల్పముగా కలిపి, మొదట ఉచితముగా పంచిపెట్టుదురు. పది వారములు త్రాగినవాడు ఇక జన్మమంతయు దానిని విడువలేడు. విడిపించు వైద్యమునకు వేలకొలది డాలర్లు కావలెను గనుక, త్రాగుచుండుటయే వానికి చౌక! మఱియొకచోట చిరుతిండి తిన్నచో పానీయము కావలెననిపించును; పానీయము త్రాగినచో సిగరెట్టు కావలెననిపించును; సిగరెట్టు కాల్చినచో మరల ఆ చిరుతిండియే కావలెననిపించును. గానుగెద్దు చుట్టు తిరిగినట్లు మనుష్యుడు ఆ మూడింటి చుట్టు తిరుగుచుండును.

ఇట్టి సంగతులను రచయితలు దుఃఖించుచు చెప్పలేదు. మిచ్ కోర్ట్‌నీ అను ప్రకటనకర్త నోటనే గర్వముగా చెప్పించిరి. అధిక్షేపకావ్యమునకు ఇదియే ప్రాణము. 1897లో ప్రకటితమైన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'న గిరీశము తన్ను తాను పొగడుకొనుచునే తన గుట్టు బయటపెట్టుకొనుట తామెఱుగుదురు. నాటకకర్త వేఱుగా నిందింపనక్కఱలేదు. కోర్ట్‌నీయు అట్టివాడే. అయితే భేదమొకటి కలదు: గిరీశము తాను చెప్పు మాటలను తానే నమ్మడు, కోర్ట్‌నీ మాత్రము నమ్మును. అమ్ముటయే నాగరికత యనియు, కొనుటయే జనుల ధర్మమనియు అతడు నిశ్చయముగా విశ్వసించును. మోసగానికంటె ఇట్టి విశ్వాసియే లోకమునకు ఎక్కువ కీడు చేయునని రచయితల యభిప్రాయము.

ఆ కోర్ట్‌నీ కొందఱి కుట్రవలన తన పేరును పదవిని గోల్పోయి, కోస్టారికాలో కూలివాడగును. అచ్చట ఆకాశమంటు గోపురములలో క్లోరెల్లా అను నాచును పెంచుదురు. 'చికెన్ లిటిల్' అను పేరుగల మహత్తరమైన కోడిమాంసపు ముద్ద యొకటి చావక పెరుగుచుండగా, దానిని కోసి లోకమునకు అమ్ముదురు. కూలివాని జీతము వాని తిండికే చాలదు. ఆ తిండియు యజమాని అంగడిలోనే కొనవలెను. నెల గడచుసరికి చేతికి వచ్చునది అప్పు మాత్రమే. నాగువడ్డీల సంగతి, పాలేరుతనముల సంగతి ఎఱిగిన మన పెద్దలకు ఈ భాగము విదేశపు కథవలె తోపదు. నిన్నటివఱకు ప్రకటనలు వ్రాసినవాడు నేడు ఆ ప్రకటనల ఫలమును తానే అనుభవించుచున్నాడు.

ఆ లోకమున నేలను, నీటిని, అడవిని కాపాడవలెనని చెప్పువారిని 'కాన్సీలు' అని పిలిచి ద్రోహులుగా చూతురు. వారి కరపత్రములు నీరసముగా నున్నవని చూచి, కోర్ట్‌నీ తన పాతవిద్యతో వానిని తిరిగి వ్రాయును. సత్యమైన మాటకైనను చెప్పు నేర్పు కావలెనని ఇందువలన తెలియుచున్నది. తుదకు అతడును, కాన్సీలును శుక్రగ్రహమునకు తరలిపోవుదురు. ఆ గ్రహము మనుష్యులు నివసింప వీలులేని మండుటెండల చోటు. దానిని స్వర్గమని జనులకు అమ్మజూపిన ఘనుడు ఈ కోర్ట్‌నీయే! భూమిని రక్షింప గోరినవారికి భూమిపై చోటులేకపోవుటకంటె చేదైన హాస్యము వేఱేమున్నది?

రేచెల్ కార్సన్ అను శాస్త్రజ్ఞురాలు పురుగుమందుల కీడును చాటిన 'సైలెంట్ స్ప్రింగ్' అను గ్రంథము 1962లో వెలువడినది. ఈ నవల అంతకు తొమ్మిదేండ్లు ముందుగనే పుట్టినది. ఇందు మన దేశప్రసక్తియు కలదు. భారతదేశమంతటిని ఒకే కర్మాగారముగా మార్చి, దానికి 'ఇండియాస్ట్రీస్' అని పేరిడితిమని ఆ ప్రకటనసంస్థ యజమాని సభలో గొప్పలు చెప్పుకొనును. దేశము పేరే సరకు గుర్తుగా మారిపోయినది!

ఇది కల్పనయే. అయినను, నేడు మన పల్లెలలో సైతము 20 లీటర్ల డబ్బాలలో నీరు కొని త్రాగుట వాడుకయైనది. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో ఫ్లోరైడు మెండుగానున్న ఊళ్లకు శుద్ధిచేసిన జలము ప్రాణాధారమే. దానిని నిందించుట తగదు. కాని నీరు కొనుట అలవాటైన తరువాత చెరువు పూడినను, బావిలో చెత్త పడినను మనసునకు నొప్పి తగ్గును. వర్తకుడు మనకు నీటిని అమ్మగలడు గాని, చెరువును గూర్చిన చింతను అమ్మలేడు. అది మనయందే యుండవలెను. తమ బాల్యమున ఏ చెరువునీరు త్రాగితిరో, ఏ వస్తువులు లేకయే సుఖముగా నుంటిరో పెద్దలకు జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకము పిన్నలకు అందనిచో, ఉన్న స్థితియే ఎప్పటినుండియు నున్నదని వారు నమ్ముదురు. కోర్ట్‌నీ నమ్మినదియు ఇదియే.

కావున ఊరి సభలో చెరువు పూడిక మాట వచ్చినప్పుడు, 'ఇది ఎండినచో నష్టమెవరికి?' అని మాత్రమే గాక, 'లాభమెవరికి?' అని కూడ అడుగుడు.