తుంగభద్ర లోయలో తెలుగు క్యాంపులు

భారీ నీటిపారుదల ప్రాజెక్టుల చరిత్ర సాధారణంగా అంకెలతో మొదలై అంకెలతోనే ముగుస్తుంది. ఆనకట్ట ఎత్తు, జలాశయ సామర్థ్యం, కాలువల పొడవు, ఆయకట్టు విస్తీర్ణం చెప్పిన తరువాత ఇక చెప్పవలసినదేమీ లేదని మన ఇంజినీర్లలో చాలామంది భావిస్తారు. కాని తూము దగ్గరికి నీరు చేరినంత మాత్రాన పొలం పండదు. తూము నుండి పొలానికి బోదె త్రవ్వాలి, భూమిని చదును చేయాలి, గట్లు వేయాలి, మురుగు పోయే దారి చూడాలి. ఈ పనులన్నిటినీ చాలాచోట్ల రైతు కుటుంబాలే చేసుకొన్నవి.

తుంగభద్ర ఎడమ కాలువ క్రింద, నేటి కర్ణాటకలోని గంగావతి, సింధనూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. ప్రాజెక్టు స్థలాలలో సంసారాలు సాగించిన మన సంస్థ ఉద్యోగులకు ఇది కొంత పరిచయమైన కథగానే తోచవచ్చు. అయితే మనం వెళ్ళేసరికి క్వార్టరు, ఆసుపత్రి, బడి ఏదో ఒక మేరకు సిద్ధంగా ఉండేవి. వారు వెళ్ళేసరికి కాలువ తప్ప మరేదీ లేదు.

లోయ, ఆనకట్ట

పడమటి కనుమలలో పుట్టిన తుంగ, భద్ర నదులు శివమొగ్గ సమీపంలోని కూడలి వద్ద కలిసి తుంగభద్రగా ప్రవహిస్తాయి. హోస్పేట దగ్గర రాతిగుట్టల నడుమ నుండి వెలువడిన తరువాత నదికి ఇరువైపులా విశాలమైన నల్లరేగడి మైదానాలున్నవి. హంపి, ఆనెగొంది పరిసరాలలో విజయనగర రాజులు త్రవ్వించిన తురుత్తు, బసవన్న వంటి కాలువలు నేటికీ పొలాలకు నీరందిస్తున్నవి. వాటి పరిధి నదిని ఆనుకొన్న కొద్ది భూములకే పరిమితం. దూరాన ఉన్న రేగడి భూములకు వర్షమే ఆధారం. సాలుకు సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడే ఆ సీమలో నేలలో నిలిచిన తేమతోనే జొన్న, ప్రత్తి, కుసుమ పండించేవారు. వాన తప్పితే కరువు తప్పేది కాదు.

ఈ నదిపై పెద్ద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1860 ప్రాంతంలోనే సర్ ఆర్థర్ కాటన్‌కు కలిగినది. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాల మధ్య 1944లో ఒడంబడిక కుదిరి, 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో నీరు విడుదలైనది. ఎడమ వైపు పని హైదరాబాదు ప్రభుత్వానిది, కుడి వైపు పని మద్రాసు ప్రభుత్వానిది. సున్నము, సుర్ఖీ మిశ్రమంతో రాతికట్టడంగా నిర్మించిన ఈ ఆనకట్టకు 33 గేట్లు ఉన్నవి. ఎడమ ప్రధాన కాలువ సుమారు 225 కిలోమీటర్ల పొడవున సాగి, దాదాపు 6 లక్షల ఎకరాలకు నీరందించేట్లు రూపకల్పన జరిగినది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినది. అప్పటికే తెలుగు రైతుల రాక మొదలైనది.

ఎందుకు వచ్చారు?

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒక శతాబ్దంగా కాలువ సేద్యం సాగుతున్నది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయినది. నీటిని మడినుండి మడికి పారించే విద్య అక్కడి రైతుకు చిన్ననాటి నుండే అలవడినది. కాని తరతరాల పంపకాలతో కమతాలు చిన్నవైపోయినవి. అయిదారు ఎకరాల ఆసామికి నలుగురు కొడుకులుంటే, తరువాతి తరానికి మిగిలేది ఎకరం, ఎకరంన్నర మాత్రమే. మరొక ప్రక్క తుంగభద్ర లోయలో నీరు రానున్న భూమి చౌకగా దొరుకుతున్నది. డెల్టాలో ఒక ఎకరం అమ్మిన సొమ్ముతో అక్కడ అనేక ఎకరాలు కొనవచ్చునన్న వార్త పెళ్ళిళ్ళలోను, సంతలలోను ప్రాకినది.

ఇటువంటి వలసకు పూర్వానుభవం కూడ ఉన్నది. మంజీర నదిపై 1931లో నిజాంసాగర్ పూర్తయిన తరువాత గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు బోధన్, బాన్సువాడ ప్రాంతాలకు తరలివెళ్ళారు. తుంగభద్ర క్రిందకు వచ్చినవారిలో ఉభయ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలవారు ఎక్కువ. సాధారణంగా ముందు మగవారు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి నేల చూసుకొనేవారు. తవ్వి మట్టి పరీక్షించి, కాలువ మట్టం కంటిచూపుతో అంచనా వేసి, బయానా ఇచ్చి వెళ్ళేవారు. తరువాత మీటరు గేజి రైలులో గుంతకల్లు మీదుగా హోస్పేటకు, అక్కడి నుండి బస్సులలోను, ఎడ్లబండ్లలోను కుటుంబాలు చేరేవి. సామానులో నాగళ్ళు, విత్తనాల బస్తాలు, ఊరగాయ జాడీలు తప్పక ఉండేవి.

మడి కట్టడం

ఇంజినీరుగా నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఈ ఘట్టం. జొన్న పండే వాలు నేలలో వరి పండదు. వరికి మడిలో నీరు సమంగా నిలవాలి. ఒక ఎకరం పొలంలో ఒక అంచుకు, ఎదుటి అంచుకు ఒక అడుగు వాలు ఉన్నదనుకొందాము. పై సగంలో తవ్విన మట్టిని క్రింది సగంలో నింపాలి. లెక్క కడితే సుమారు 150 ఘనపు మీటర్ల మట్టి కదల్చవలసి వస్తుంది. బండికి అర ఘనపు మీటరు చొప్పున 300 బండ్ల మట్టి. పది ఎకరాలు కొన్న కుటుంబానికి ఇది 3,000 బండ్లు. పొలాన్ని చిన్న చిన్న మడులుగా విభజిస్తే ఒక్కొక్క మడిలో వాలు తగ్గి, పని కొంత తేలికవుతుంది. గట్లకు పోయే నేల మాత్రం పెరుగుతుంది. లెవలింగు పరికరం లేకుండానే ఈ లెక్కను ఆ రైతులు తమ అనుభవంతో సరిచూసుకొన్నారు. కొద్దిగా నీరు పెట్టి, అది ఎక్కడ నిలిచినదో, ఎక్కడ మిట్ట తేలినదో చూసి మట్టిని సర్దేవారు. నీరే వారి మట్టపు పలక.

నల్లరేగడి స్వభావం ఈ పనిని మరింత కష్టతరం చేసినది. తడిస్తే ఉబ్బి జిగటగా మారి కాళ్ళకు, బండి చక్రాలకు పట్టుకొంటుంది. ఎండితే కాలు దిగబడేంత వెడల్పున నెఱ్ఱెలు విచ్చుతుంది. కాలువ కట్టిన తరువాత వేసవిలో పని చేయాలంటే గడ్డలు రాళ్ళవలె ఉండేవి. తొలివానల తరువాత చేయాలంటే ఎడ్లు దిగబడేవి. అందుచేత చదును పని ఒక్క ఏడాదిలో ముగియలేదు. ఏటేటా కొంత మట్టి లాగుతూ, దమ్ములో పలక తోలి సరిచేసుకొంటూ మూడు నాలుగు సంవత్సరాలకు మడి కుదిరేది. ఈలోగా వచ్చే పంట అంతంతమాత్రమే. అప్పు తీరేది కాదు. కొందరు విసిగి అమ్ముకొని వెనుకకు వెళ్ళిపోయారు.

నిలిచినవారికి తరువాతి కాలంలో విజ్ఞానశాస్త్రం తోడ్పడినది. 1960 దశకం చివర ఐ.ఆర్.8 వంటి పొట్టి వంగడాలు, ఆ తరువాత మసూరి రకాలు వచ్చినవి. బాపట్ల పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఈ లోయలోనూ విస్తరించినది. గంగావతి, కారటగి, సింధనూరులలో బియ్యపు మిల్లులు వెలిసినవి. గంగావతికి కర్ణాటకపు ధాన్యాగారమన్న పేరు వచ్చినది.

క్యాంపులోని ఇల్లు

ఊరికి దూరంగా, కొన్న పొలం ప్రక్కనే వేసుకొన్న పాకల సముదాయాన్ని ‘క్యాంపు’ అనేవారు. పాకలు పోయి మేడలు వచ్చినప్పటికీ ఆ పేరు పోలేదు. గంగావతి సమీపంలోని శ్రీరామనగర్ వంటివి నేడు చిన్న పట్టణాలను తలపిస్తున్నవి.

తొలిరోజుల గురించి అక్కడి పెద్దలను అడిగితే, మగవారు భూమి సంగతి చెబుతారు, ఆడవారు నీటి సంగతి చెబుతారు. పొలానికి నీరిచ్చిన కాలువే ఇంటికీ నీరిచ్చేది. కాలువ కట్టిన నెలలలో త్రాగునీటికి మైళ్ళకొలది నడవవలసి వచ్చేది. రేగడి నేలలోని బావులలో చాలాచోట్ల ఉప్పునీరు పడేది. కాలువ నీరు కాచి వడబోసుకొనే ఓపిక లేనప్పుడు విరేచనాలు, నీరు నిలిచిన చోటల్లా దోమలు, చలిజ్వరాలు. కాన్పుకు పుట్టింటికి పోవాలంటే రెండు రోజుల ప్రయాణం. పోలేనివారికి ప్రక్క పాకలోని పెద్దావిడే మంత్రసాని.

పనిలో స్త్రీల పాలు లెక్కలకెక్కినది కాదు. ఆకుమడి తీయడం, ఊడ్పులు, కలుపు, కుప్పనూర్పిళ్ళనాడు పాతికమందికి వంట, పాడి, వీటికి తోడు ఇల్లు మెత్తడం వారిదే బాధ్యత. చేతిలో రొక్కం లేని నెలలలో పాలు, నెయ్యి అమ్మిన డబ్బే ఉప్పుకు, కిరసనాయిలుకు ఆధారం. పట్టాదారు పుస్తకంలో పేరు భర్తది. ఆ పుస్తకం కుదువ నుండి విడిపించినది మాత్రం పెక్కు ఇళ్ళలో భార్య నగలు.

క్యాంపులో ముందుగా వెలసినవి రామాలయము, బడి. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకొన్నారు. రెండు లిపులకూ ఉన్న దగ్గరి చుట్టరికం ఇక్కడ ఉపకరించినది. తొలి తరంవారు సంబంధాలకు డెల్టా గ్రామాలకే పోయేవారు. మూడవ తరంలో లోయలోని క్యాంపుల మధ్యనే సంబంధాలు కలుస్తున్నవి. సంక్రాంతికి అరిసెలు వండే ఇంటనే పండుగనాడు జొన్నరొట్టె, గుత్తివంకాయ కూర కూడ వడ్డిస్తారు. జొన్నరొట్టె తట్టడం వారికి నేర్పినది పొరుగూరి కన్నడ స్త్రీలే.

కాలువ చివర

ఈ విజయగాథకు రెండవ ప్రక్క కూడ ఉన్నది. దానిని చెప్పకుండా విడిచిపెట్టడం న్యాయం కాదు.

తుంగభద్ర ఎడమ కాలువను వరి కోసం రూపొందించలేదు. కరువు సీమలో వీలైనంత ఎక్కువ భూమికి కొద్దికొద్దిగా నీరిచ్చి, జొన్న, ప్రత్తి వంటి ఆరుతడి పంటలను కాపాడాలన్నది అసలు ఉద్దేశం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వమే ముందుగా నిర్ణయించినది. ఎకరం వరికి పోయే నీటితో రెండు మూడు ఎకరాల ఆరుతడి పంట పండుతుంది. కాలువ ఎగువన క్యాంపులు వెలసి వరి విస్తరించిన కొద్దీ దిగువన మాన్వి, రాయచూరు వైపు భూములకు నీరు అందకుండా పోయినది. జరిమానాలు విధించినా వరి ఆగలేదు. పైర్లు ఎండే వేళ తూముల దగ్గర తగాదాలు, రోడ్లపై ధర్నాలు ఏటేటా పరిపాటియైనవి. నెదర్లాండ్స్ పరిశోధకుడు పీటర్ మోలింగా ఈ కాలువపై 1998లో వెలువరించిన సిద్ధాంతవ్యాసంలో, నీటి పంపిణీ నక్షాపై ఉన్నట్లుగాక రైతుల బలాబలాలను బట్టి నడిచిన తీరును వివరంగా చర్చించాడు.

వరిని వలస రైతులే వేశారనడం పూర్తి సత్యం కాదు. లాభం చూసిన స్థానిక రైతులు కూడ త్వరలోనే అదే దారి పట్టారు. అయినా నీటి రాకకు ముందే చౌకగా భూమి అమ్ముకొన్న స్థానికులలో కొందరు తరువాత అదే భూమిలో కూలికి వెళ్ళవలసి వచ్చినది. జలాశయంలో ఊళ్ళు మునిగి నిర్వాసితులైనవారి త్యాగం వేరే ఉన్నది. పైగా రేగడిలో నీరు ఇంకదు. మురుగు కాలువలు చాలనిచోట నీరు నిలిచి, ఉప్పు పైకి తేలి, వేలాది హెక్టార్లు చౌడుబారినవి. అరవై బస్తాలు పండుతుందనుకొన్న చోట తుంగ మొలిచినది. ఈ భూములను బాగుచేసే పద్ధతులపై గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం కృషి చేస్తున్నది.

నేటి సమస్య

జలాశయ సామర్థ్యం తొలుత సుమారు 133 టి.ఎం.సి.లు. ఎగువ నుండి కొట్టుకువచ్చిన పూడిక మూలంగా అది దాదాపు 105 టి.ఎం.సి.లకు తగ్గినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, జలాశయం నిండుగా ఉన్న సమయంలో, 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినది. వరద ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ పలకలను దించి, వారంలోపుగా నీటిని నిలిపిన ఇంజినీర్ల, కార్మికుల సాహసం ప్రశంసనీయం. కాని ఆ వారం రోజులు మూడు రాష్ట్రాల రైతులు ఊపిరి బిగబట్టి చూశారు. డెబ్బది యేండ్లుగా మూడు తరాలు కట్టుకొన్న మడులన్నీ ఒక గొలుసును నమ్ముకొని ఉన్నవని అప్పుడు తేటతెల్లమైనది.

గేటును మార్చవచ్చు. తగ్గిన 28 టి.ఎం.సి.లను తిరిగి తేవడం అంత సులభం కాదు. ఉన్న నీటిని పంచుకొనడమే మిగిలిన మార్గం. క్యాంపుల యువ రైతులలో కొందరు నీరు కట్టని నేరు వెదసాగును, రెండవ పంటగా శనగ, జొన్నలను చేపట్టడం శుభసూచకం. వారి తాతలు వాలు నేలను మట్టం చేశారు. కాలువ ఎగువకు, దిగువకు మధ్య ఏర్పడిన వాలును సరిచేయడం ఈ తరం పని. అది గడ్డపారతో అయ్యేది కాదు గనుక మరింత కష్టం.

మనం ఏ ప్రాజెక్టు నివేదిక తయారు చేసినా, యంత్రాల ఖర్చుకు, సిమెంటు ఖర్చుకు ప్రత్యేక పట్టికలు వేస్తాము. కట్టడం పూర్తయిన తరువాత దాని ఫలితాన్ని ఇంటికి చేర్చుకొనేందుకు కుటుంబాలు చేయవలసిన శ్రమకు ఒక పట్టిక, కాలువ చివర నిలబడి ఎదురుచూసే రైతుకు ఒక పట్టిక కూడ అందులో చేర్చగలిగితే, మన అంచనాలు వాస్తవానికి మరికొంత దగ్గరవుతాయని నా విశ్వాసం.