ఒక్క కాపరి మోయలేని భారం

ఎర్ర సముద్రాన్ని దాటించిన మోషే, ఆ తర్వాత కొన్నాళ్లకే జనం వరుసలో చిక్కుకుపోయాడు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా తీర్పులే. నిలబడి నిలబడి ప్రజలు అలిసిపోయేవారు, వినీ వినీ మోషే అలిసిపోయేవాడు. చూసిపోదామని వచ్చిన మామ యిత్రో ఒక్కరోజు ఆ తంతు గమనించాడు. ఈ పద్ధతి మంచిది కాదని, ఇలాగైతే అల్లుడూ నలిగిపోతాడు, అతని జనమూ నలిగిపోతుందని మొహమాటం లేకుండా చెప్పాడు (నిర్గమ 18:13–18). దేవునితో ముఖాముఖి మాట్లాడిన నాయకుడికి ఈ బుద్ధి చెప్పింది ఇశ్రాయేలీయుడు కాదు, మిద్యాను యాజకుడు. ఆ మాట వినడంలోనే మోషే గొప్పతనం ఉంది. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి నాయకుల్ని నియమించాడు.

ఈ అధ్యాయం మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. దాన్ని మా సంఘంలో మేమే పాటించలేదని తెలియడానికి మాత్రం ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

2021 ఏప్రిల్, మే నెలలు. కోవిడ్ రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు. మందిరం మూసి ఉంది. బియ్యం కావాలన్నా, ఆక్సిజన్ బెడ్ కావాలన్నా, ప్రార్థన కావాలన్నా అందరూ పాస్టరుగా మాకే ఫోన్ చేసేవారు. అది మాకు ఘనతలా కూడా అనిపించేదని ఒప్పుకోవాలి. అంతకు ఆరు నెలల ముందు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా పనిచేస్తున్న మా సంఘ సోదరి ఒకరు నోటుపుస్తకంతో వచ్చింది. ఒంటరిగా ఉంటున్న పెద్దలు, షుగర్, బీపీ, ఆయాసం ఉన్నవారి పేర్లు రాసి, ఒక్కొక్కరిని ఒక్కో కుటుంబానికి అప్పగిద్దామంది. ‘కమిటీలో చూద్దామమ్మా’ అన్నాం. కమిటీ ముందు పెట్టనేలేదు. అందరి సంగతీ మాకు తెలుసు కదా అనుకున్నాం.

మే రెండో వారంలో మాకే జ్వరం వచ్చింది. ఆరు రోజులు ఫోన్ ఎత్తలేకపోయాం. సరిగ్గా ఆ రోజుల్లోనే, సండేస్కూల్లో రెండు తరాల పిల్లలకు వాక్యం నేర్పిన ఒక విశ్రాంత టీచరమ్మ తన ఇంట్లో ఒంటరిగా జ్వరంతో పడి ఉంది. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ‘అయ్యగారు కనుక్కుంటున్నారులే’ అని వీధిలోని విశ్వాసులు అనుకున్నారు. ఆమె చేసిన నాలుగు ఫోన్లు మా ఫోన్‌లో మిస్డ్ కాల్స్‌గా మిగిలాయి. ఆస్పత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. ముందే చేర్చి ఉంటే బతికేదా అన్నది దేవునికే తెలుసు. కానీ ఆమె అలా దిక్కులేకుండా పడి ఉండటం దేవుని చిత్తమని చెప్పే ధైర్యం మాకు లేదు. అది మా నిర్లక్ష్యం.

భూస్థాపన అయ్యాక ఆ ఏఎన్ఎం సోదరి ఒక్కమాటే అడిగింది. ‘అయ్యగారూ, మీరు మంచాన పడితే సంఘమంతా మంచాన పడాలా?’ యిత్రో మాట మాకు ఆ అమ్మాయి నోట వినిపించింది.

మా ఒక్క సంఘమే కాదు, దేశాలు కూడా ఈ పాఠాన్ని ఆలస్యంగానే నేర్చుకున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో 2013 డిసెంబరులో గినీలో మొదలైన ఎబోలా లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలకు పాకింది. 2016లో అది సద్దుమణిగేసరికి 28,600 మందికి పైగా జబ్బుపడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. ఎబోలాతో మరణించినవారి దేహం నుంచి కూడా వ్యాధి సోకుతుంది. అక్కడి కుటుంబాల్లో అయినవాళ్లే దేహానికి స్నానం చేయించి, తాకి, కడసారి వీడ్కోలు చెప్పడం ఆచారం. కొత్త కేసుల్లో కనీసం 20 శాతం అంత్యక్రియల దగ్గరే సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది.

వైద్యబృందాలు తెల్లటి రక్షణ దుస్తుల్లో వచ్చి, దేహాన్ని సంచిలో పెట్టి తీసుకెళ్లాయి. లైబీరియా రాజధాని మన్రోవియాలో దేహాల్ని దహనం చేయించారు. వ్యాధిని ఆపడానికి అవసరమనే అలా చేశారు. కానీ ఆ కుటుంబాల మాట విన్నదెవరు? భయంతో చాలామంది తమ రోగుల్ని దాచారు, రహస్యంగా పాతిపెట్టారు. 2014 సెప్టెంబరులో గినీలోని వోమే అనే గ్రామానికి ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో ఎనిమిదిమంది అక్కడే హత్యకు గురయ్యారు.

ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త అంత్యక్రియల విధానాన్ని ప్రకటించింది. రెడ్‌క్రాస్‌, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్, కారితాస్, వరల్డ్ విజన్, ఇస్లామిక్ రిలీఫ్ వంటి సంస్థలతో కలిసి కూర్చుని దాన్ని తయారుచేసింది. దేహాన్ని తాకకూడదన్న నియమం మారలేదు. మనుషులతో మాట్లాడే తీరు మారింది. కుటుంబంతో మాట్లాడి, వారు ఒప్పుకున్నాకే భూస్థాపన మొదలుపెట్టాలి. పాస్టరునో ఇమామునో పిలవాలి. దూరం నుంచే అయినా ప్రార్థనకు సమయమివ్వాలి. ముస్లింలకు నీళ్లు వాడకుండా చేసే శుద్ధికి వీలు కల్పించాలి. సమాధి తవ్వడంలో కుటుంబం పాలుపంచుకోవచ్చు. వైద్యులకు వ్యాధి తెలుసు, కాపరులకు ఆ ఇల్లు తెలుసు. ఇద్దరూ కలిసి వెళ్లిన చోట తలుపులు తెరుచుకున్నాయి. అయితే వాళ్లంతా అలా కలిసి కూర్చునేసరికే దాదాపు 5,000 మంది మరణించారు. ఆ కూర్చోవడమేదో ముందే జరిగి ఉంటే!

‘ముందే’ అన్నమాట బైబిలుకు కొత్తది కాదు. లోకమంతటా కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త అంతియొకయ సంఘంలో చెప్పాడు. క్లౌదియ చక్రవర్తి కాలంలో అది వచ్చింది కూడా. ఆ ప్రవచనం విన్న విశ్వాసులు ప్రార్థించి ఊరుకోలేదు. ఎవరి శక్తికొద్దీ వారు సొమ్ము పోగుచేసి, బర్నబా, సౌలుల చేత యూదయలోని పెద్దలకు పంపారు (అపొ.కా. 11:27–30). ఇచ్చింది అందరూ, మోసింది ఇద్దరు, పంచింది పెద్దలు. యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరిగినప్పుడు కూడా అపొస్తలులు ఆ గరిటె తామే పట్టుకోలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికే చెప్పారు (అపొ.కా. 6:1–6). ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఎవరు నష్టపోయారో వారి పక్షాన ఉన్నవారికే బాధ్యత అప్పగించారన్నమాట.

మన తెలుగు నేలమీదా ఇందుకు సాక్ష్యముంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. వేలమందిని ఆయన ఒక్కడే చూసుకోలేడు. అందుకే తన ప్రసంగీకులనే పనిమీద పెద్దలుగా నిలబెట్టాడు. బోధకులు కాలువ గట్టుమీద నిలబడి పని చూడటం వారి సేవను తగ్గించలేదు.

మా సంఘంలో పేర్ల జాబితా మొదలుపెట్టినప్పుడు ‘ఇది అవిశ్వాసం కాదా అయ్యగారూ’ అని ఒక పెద్దాయన అడిగారు. ఐగుప్తులో యోసేపు ఏడేళ్లపాటు ధాన్యం కొట్లలో నింపింది కరువు రాదనే నమ్మకంతో కాదు, వస్తుందన్న దేవుని మాట నమ్మి కదా అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, తన వీధి బాధ్యత తానే తీసుకున్నారు.

ఇప్పుడు పది ఇళ్లకు ఒకరున్నారు. ఆ ఒకరు జబ్బుపడితే చూసేందుకు మరొకరున్నారు. కమ్యూనిటీ హాలు తాళాలు ముగ్గురి దగ్గర ఉంటాయి. అంటువ్యాధి వస్తే కూడికలు ఆపాలా వద్దా అన్నది ఆరోగ్య సిబ్బంది సలహా మీద ఐదుగురు కలిసి తేలుస్తారు, పాస్టరు ఒక్కడూ కాదు. ఏటా తొలకరికి ముందు, డెంగీ, విరేచనాల కాలం మొదలవకముందే, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, మసీదు పెద్దలు, రామాలయం కమిటీవారు, మేము ఒకచోట కూర్చుంటాం. మా వీధుల్లో జ్వరం ఏ ఇంటి తలుపు తట్టినా లోపలివాళ్లది ఏ మతమని అడగదు. మరి మనం ఎవరికి వారే ఎందుకు కూర్చోవాలి?

ప్రియమైన కాపరులారా, సంఘ పెద్దలారా, మనం లేకపోతే ఏదీ జరగదని సంఘం అనుకుంటే అది మనకు ఘనత కాదు, సంఘానికి ప్రమాదం. భారం పంచుకుంటే కాపరి విలువ తగ్గదు, మందకు కాపుదల పెరుగుతుంది. మీ సంఘంలోనూ నోటుపుస్తకం పట్టుకుని వచ్చే ఒక చెల్లెలు ఉండే ఉంటుంది. ‘కమిటీలో చూద్దాం’ అనకండి. ఈ ఆదివారమే ఆమెను ముందుకు పిలవండి.

మా నోటుపుస్తకం ఆ సోదరి దగ్గరే ఉంటుంది. క్రమం తప్పకుండా క్షేమం కనుక్కోవాల్సినవారి పేర్లలో యాభై దాటిన, షుగర్ ఉన్న పాస్టరుగా మా పేరు కూడా రాసుకుంది. మమ్మల్ని కనుక్కునే బాధ్యత, ఆ టీచరమ్మ దగ్గర సండేస్కూల్లో చదువుకున్న ఒక కుర్రాడిది.