ఒక భాషకు చివరి మనిషి

అండమాన్ దీవులు అనగానే మీకు సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. అక్కడ శిక్ష అనుభవించిన పురుషుల పేర్లు చరిత్ర పుస్తకాలలో చదివే ఉంటారు. ఈ పాఠంలో అదే దీవులకు సంబంధించిన ఇద్దరు స్త్రీల గురించి తెలుసుకుందాం. ఒకరు బోవా సీనియర్. రెండవవారు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన అన్వితా అబ్బి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి వందమందిలో సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, హిందీ కూడా వినిపిస్తాయి. ఇవన్నీ బయటి నుంచి వచ్చిన భాషలే. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం ఏర్పాటు చేసేనాటికి అక్కడ గ్రేట్ అండమానీయులు అనే పది తెగలవారు వేల సంఖ్యలో ఉండేవారు. (ఈ పట్టణం పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు.) బయటివారితోపాటు వచ్చిన వ్యాధులను తట్టుకొనే శక్తి వారికి లేదు. 1877లో తట్టు వ్యాపించి ఎందరో మరణించారు. 1961 జనాభా లెక్కలలో వారు 19 మందే మిగిలారు. తరువాత ప్రభుత్వం వారికి స్ట్రెయిట్ దీవిలో ఇళ్లు కట్టించింది.

ఆ పది తెగలలో ఒకటి 'బో'. బోవా సీనియర్ ఆ తెగ స్త్రీ. తల్లిదండ్రులు పోయాక ముప్పై, నలభై ఏళ్లపాటు బో భాష మాట్లాడేవారు ఆమె తప్ప మరొకరు లేరు. చుట్టూ మనుషులు ఉన్నారు, కాని తన మాటకు బదులు చెప్పేవారు లేరు. ఇతరులతో మాట్లాడటానికి ఆమె హిందీ నేర్చుకోవలసి వచ్చింది. ఆమె పక్షులతో తన భాషలో మాట్లాడటం అబ్బి చూశారు. ఇది వెర్రితనం అనుకోకండి. పక్షులు తమ పూర్వీకులని గ్రేట్ అండమానీయుల నమ్మకం.

అబ్బి 2001లో మొదట ఈ దీవులకు వెళ్లారు, 2005 నుంచి విస్తృతంగా పనిచేశారు. లిపి లేని భాషను ఎలా రాస్తారు? మాట్లాడేవారి పక్కన కూర్చొని వినాలి, రికార్డు చేయాలి, ప్రతి ధ్వనికీ ఒక గుర్తు వాడి రాసుకోవాలి, అదే మాటను మరో సందర్భంలో మళ్లీ అడగాలి. ఎంతో ఓపిక కావలసిన పని ఇది. వయసు పైబడినవారు చెప్పే మాటలు కాబట్టి ఆలస్యం చేయడానికీ వీలులేదు. ఆమెకు ఎంతో సమాచారం ఇచ్చిన నావో జూనియర్ 2009లో మరణించారు.

ఇలా విన్నప్పుడే ఆ భాషలోని ఒక విశేషం అబ్బికి తెలిసింది. తెలుగులో 'తల', 'చెయ్యి' అని విడిగా అనవచ్చు. గ్రేట్ అండమానీయ భాషలో అలా కుదరదు. ఎవరి తల, ఎవరి చెయ్యి అనేది మాటలోనే ఉండాలి. శరీరాన్ని ఏడు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క గుర్తును మాట ముందు చేరుస్తారు. ఆ గుర్తులు శరీర భాగాల పేర్లతో ఆగవు. క్రియలలోనూ, విశేషణాలలోనూ కనిపిస్తాయి. అంటే వారి వ్యాకరణానికి మనిషి శరీరమే ఆధారం. ఇలాంటి సంగతిని శిథిలాలు తవ్వి తెలుసుకోలేము. మాట్లాడే మనిషి ఉండాలి.

ఆలోచించండి: తెలుగులోనూ రైతుల, చేతివృత్తులవారి మాటలను ఇలాగే సేకరించారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల కోశం 1962లో వెలువడింది. మీ ఇంటి పెద్దలు వాడే, మీరు వాడని పనిముట్ల పేర్లు ఐదు రాయండి.

బోవా సీనియర్ 2004 నాటి సునామీ నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. 2010 జనవరిలో, దాదాపు 85 ఏళ్ల వయసులో, ఆమె మరణించారు. బో భాష మాట్లాడే గొంతు అంతటితో ఆగింది. అబ్బి కృషికి 2013లో పద్మశ్రీ లభించింది. అదే సంవత్సరం ఆమె గ్రేట్ అండమానీయ వ్యాకరణం అచ్చయింది. నిఘంటువు అంతకుముందే వచ్చింది. ఆ దీవుల కథలు, పాటలు 2021లో పుస్తకంగా వెలువడ్డాయి.